బెల్లం కలిపిన గోడ

మొన్న ఇంటికి వెల్ల వేయిస్తుంటే, తడి సున్నం వాసనకి నా నాలుక చురుక్కుమంది.

నందిగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక చిన్న పాత చర్చి ఉండేది. మూరెడు మందం రాతిగోడలు, గుండ్రంగా వంగిన కమాన్లు, పిల్లి దూరేంత కిటికీలు. మండుటెండల్లో కూడా లోపల చల్లగా ఉండేది.

"మా తాతలు రాళ్ళు మోసి కట్టారే దీన్ని. సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపి గానుగాడించారు. అందుకే ఇప్పటికీ చెక్కు చెదర్లా," అంది అమ్మమ్మ ఒకరోజు.

కరక్కాయ సంగతి నా చెవికెక్కలేదు. బెల్లం ఒక్కటే ఎక్కింది.

ఆ ఆదివారం అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా, నేను గోడవైపు తిరిగి మోకరించి గట్టిగా ఒక్క నాకు నాకాను. ఈస్టరని ముందురోజు వేసిన వెల్ల ఇంకా పచ్చిగానే ఉంది. నాలుక భగ్గుమంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

అప్పుడే కళ్ళు తెరిచిన పాస్టరుగారు నన్ను చూసి కరిగిపోయారు. "చూడండమ్మా, పసిదాని భక్తి! గోడకి తల ఆనించి ఎలా ఏడుస్తుందో! పాపా, నువ్వూ ఒక మాట ప్రార్థన చెయ్యమ్మా."

నోరు తెరిస్తే "ఆ... ఆ..." అని తప్ప రాలేదు.

"పాపం, మాట కూడా రావట్లా," అంటూ ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ నా మూతికంటిన సున్నం కొంగుతో తుడిచి, నాలుకకి వెన్న రాసింది. "నేను నాకినప్పుడు మా అమ్మ వీపు వాయించింది. బెల్లం లోపల రాళ్ళ మధ్యన ఉంటదే, పైన దొరకదు," అంది మెల్లగా.

ఆ గోడ ముందు ఎన్ని తరాల పిల్లలు అంత భక్తిగా మోకరించారో అనుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.