డ్రైవింగ్ మాస్టారి సొరకాయ నూడుల్స్

మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఆయన పని డ్రైవింగ్ నేర్పడం. బిల్డింగంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. పొద్దున బయల్దేరి కారులో పక్క సీట్లో కూర్చున్నారంటే చీకటి పడేదాకా ఆయన కాళ్ళకు ఉండే పని ఒక్కటే: శిష్యులు కంగారులో బ్రేకు మరిచిపోయినప్పుడు తన వైపున్న రెండో బ్రేకు తొక్కడం. నోటికి మాత్రం క్షణం తీరిక ఉండదు. "క్లచ్చి, క్లచ్చి! కళ్ళు రోడ్డు మీద!" అని అరుస్తూనే డ్యాష్‌బోర్డు మీది చిప్స్ పొట్లంలోకి చెయ్యి పోనిస్తారు. శిష్యుడు గేరు సరిగ్గా మారిస్తే ఆ సంతోషంలో ఒక గుప్పెడు, మార్చకపోతే ఆ బాధలో ఇంకో గుప్పెడు.

ఇలా ఏళ్ళ తరబడి సంతోషాన్నీ బాధనూ సమానంగా నమిలాక, లైసెన్సు రెన్యువల్‌కి చేయించుకున్న పరీక్షల్లో ఆయన కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. వేపుళ్ళు, కేకులు, ఐస్‌క్రీములు తగ్గించమంది. రోజూ నడవమంది. రెండో మాట ఆయన ఒక చెవిలోంచి దూరి రెండో చెవిలోంచి బయటికి పోయింది. మొదటి మాట మాత్రం లోపల చిక్కుకుని, ఇంటికొచ్చేసరికి వేరే రూపం ఎత్తింది.

"ఏదీ మానక్కర్లేదు," అని ప్రకటించారు చెప్పులు విప్పకుండానే. "అన్నీ తినొచ్చు. అందులోంచి కొవ్వు, చక్కెర తీసేస్తే చాలు. ఇవాళ్టి నుంచి వంట నాది."

ఆ ఇంట్లో నలుగురు. ఆయన భార్య కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. కూతురు కాలేజీలో చదువుతోంది. అత్తగారు వంటింట్లో చదువుతోందనాలి, ఎందుకంటే ఆవిడ పొద్దస్తమానం అక్కడే ఉంటుంది, పేపరు కూడా పొయ్యి గట్టు మీదే పరుచుకుని చూస్తుంది. అల్లుడి ప్రకటన విని ఆవిడ కళ్ళజోడు పైకెత్తింది.

"అవన్నీ తీసేశాక మిగిలేదేంటి బాబూ?"

"ఆరోగ్యం, అత్తయ్యా."

"అది వేయించుకోవాలా, ఉడకబెట్టుకోవాలా?"

ఆయనకు వెటకారం అంటదు. అదొక వరం. మర్నాడే సొరకాయలు తెచ్చి, తొక్క తీసే కత్తితో వాటిని పొడుగ్గా రిబ్బన్లలా గీరి నూడుల్స్ అన్నారు. కాలీఫ్లవర్ తురిమి అన్నం అన్నారు. బంగాళాదుంప ముక్కలను ట్రేలో పరిచి, మొక్కలకు నీళ్ళు కొట్టే సీసా లాంటి దానితో వాటి మీద నూనె పొగలా చిలకరించి, ఓవెన్లో పెట్టి చిప్స్ అన్నారు. గుడ్లలోని పచ్చసొన తీసి పక్కన పెట్టి, తెల్లసొనతో ఓట్స్ కలిపి కేకన్నారు. పేర్లు పెట్టడంలో ఆయనకు ఏ లోటూ లేదు. ఆ పేర్లకు తగ్గట్టు నడుచుకోవడం ఆ పదార్థాలకు చేతకాలేదు, అంతే. నూడుల్స్ నీళ్ళలో ఈదాయి. చిప్స్ బయట మాడి లోపల పచ్చిగా ఉన్నాయి. కేకును కత్తితో నొక్కితే కిందికి దిగి, వదిలితే మళ్ళీ పైకి లేచింది.

ఈ సంగతులు నాకెలా తెలుసంటే, నేను ఒంటిగాణ్ణి. ఒంటరిగా ఉండేవాడు ఎప్పుడూ ఆకలితోనే ఉంటాడని మాస్టారి నమ్మకం. సాయంత్రమయ్యేసరికి నా తలుపు గంట మోగేది. ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడి, నేను మింగేదాకా కదిలేవారు కాదు.

"ఎలా ఉంది? మామూలు నూడుల్స్‌కీ దీనికీ తేడా తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ," అనేవాణ్ణి. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

ఆ మాట ఆయనకు మెప్పులా వినిపించేది.

ఇంట్లోవాళ్ళ తిప్పలు వేరు. భార్యకు షాపులో ఉన్నట్టుండి పని పెరిగింది, భోజనం అక్కడే అయిపోయేది. కూతురికి రోజూ ఎవరో ఒక స్నేహితురాలి పుట్టినరోజు వచ్చేది. దొరికిపోయింది అత్తగారొక్కతే. ఆవిడకు వెళ్ళడానికి షాపూ లేదు, కాలేజీ లేదు. ఒకరోజు మెట్ల మీద కనబడి, "మా అల్లుడు మొదట్నుంచీ సొరకాయలు బాగా కోస్తాడు నాయనా. కాకపోతే ఇదివరకు మాటల్లోనే కోసేవాడు," అంది.

అలా ఓ మూడు వారాలు గడిచాక, ఒక సాయంత్రం ప్లేటు రానే వచ్చింది. గుండె దిటవు చేసుకుని నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. మొహమాటానికి బాగుండటం కాదు, నిజంగానే బాగుంది. నూడుల్స్ మీద తెల్లటి సాస్ చిక్కగా, మెత్తగా జారింది. మర్నాడు వచ్చిన కేకు నోట్లో కరిగింది. సిగ్గు విడిచి ఇంకో ముక్క అడిగాను.

మాస్టారు తలుపుకు ఆనుకుని గెలిచినవాడిలా నవ్వారు. "వెన్న లేదు. ఒట్టి పెరుగు. పద్ధతి పట్టుబడింది, అంతే. హస్తవాసి!"

ఆ రోజు నుంచి ఆయన్ని ఆపినవాడు లేడు. లిఫ్టులో దొరికితే కేలరీల గురించి చెప్పేవారు. కేలరీ అనే మాటను దగ్గరి చుట్టం పేరులా పలికేవారు. కారులో శిష్యులకు మలుపు తిప్పడం నేర్పుతూ తెల్లసొన గిలక్కొట్టడం కూడా నేర్పేవారట. ఒకమ్మాయి ఆ ఉపన్యాసం వింటూ చెత్తకుండీని గుద్దేసింది. "చూశావా, బరువు ఎక్కువైతే ఆగడం ఎంత కష్టమో!" అని ఆయన దాన్ని కూడా పాఠంలో కలిపేసుకున్నారు.

ఇంట్లోవాళ్ళు కూడా మళ్ళీ బల్ల చుట్టూ చేరారు. స్నేహితురాళ్ళ పుట్టినరోజులు ఆగిపోయాయి. షాపులో పని తగ్గింది. మాస్టారు కూడా మనసారా తిన్నారు. కొవ్వే లేనప్పుడు రెండోసారి వడ్డించుకుంటే తప్పేముంది? మూడోసారి అయినా తప్పేముంది? బల్ల మీద ఎవరైనా వదిలేసిన ముక్కను కూడా, "ఇందులో ఏముందని, గాలే కదా," అంటూ తన ప్లేటులోకి లాక్కునేవారు.

ఆ గాలికి ఆయన పొట్ట ఉబ్బడం బిల్డింగంతా చూసింది. ప్యాంటు గుండీ పెట్టుకోవడం మానేసి బెల్టుతో కట్టుకునేవారు. బరువు చూసే మిషన్ పాడైందని కొత్తది కొన్నారు. అది కూడా మొదటిదానితో కుమ్మక్కయినట్టు అదే చెప్పింది. "కండ పడుతోంది," అన్నారు ఆయన, నిమ్మళంగా. రోజంతా సీట్లో కూర్చునే మనిషికి కండ ఏ దారిన వస్తుందని ఎవరూ అడగలేదు. కేకు ఆగిపోతుందేమోనని నేనూ అడగలేదు.

అప్పుడు మా బిల్డింగ్ సంఘం కార్యదర్శి మాస్టారిని ఆహ్వానించింది. ఆవిడ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున కింద హాల్లో అందరి ముందూ వండి చూపించమంది. మాస్టారు ఆ వారమంతా శిష్యులకు సెలవిచ్చి అద్దం ముందు సాధన చేశారు.

ఆదివారం హాలు నిండిపోయింది. బల్ల మీద ఓవెన్, పొయ్యి, వరసగా గిన్నెలు. మాస్టారు ఏప్రన్ కట్టుకుని నిలబడ్డారు. ముందు వరసలో అత్తగారు, కూతురు, భార్య. అత్తగారు మాత్రం కుదురుగా కూర్చోలేకపోయింది.

"నేనొచ్చి పక్కన నిలబడనా బాబూ? గిన్నెలు అందిస్తా."

"వద్దత్తయ్యా. ఇవాళ మీరు హాయిగా కూర్చుని చూడండి."

కాసేపాగి మళ్ళీ, "నీ ఫోన్ మోగుతున్నట్టుంది, బయటికెళ్ళి చూసుకో."

"ఫోన్ ఇంట్లో పెట్టొచ్చానత్తయ్యా!" అన్నారు ఆయన, తన ఏకాగ్రతకు తానే మురిసిపోతూ.

అత్తగారు కూతురి వైపు చూసింది. కూతురు తన కూతురి వైపు చూసింది. ముగ్గురూ నేల వైపు చూశారు.

మాస్టారు ఒక్కో పనీ చేస్తూ, చేస్తున్నది చెబుతూ, సొరకాయ గీరారు, పెరుగు వేడి చేశారు, తెల్లసొన గిలక్కొట్టి ఓట్స్‌తో కలిపి ఓవెన్లో పెట్టారు. ఎక్కడా తడబడలేదు. ఎప్పుడూ చేసేది ఎలా చేస్తారో అలాగే చేశారు. పెరుగు పొయ్యి మీద విరిగిపోయి గింజలు గింజలుగా తేలింది. నూడుల్స్ నీళ్ళు వదిలాయి. కేకు ఓవెన్లోంచి బయటికొచ్చి కారులో కాళ్ళ కింద వేసే రబ్బరు పట్టాలా ట్రేలో పడుకుంది.

ప్లేట్లు పంచారు. హాల్లో నమిలే చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ చప్పుడు చాలాసేపు సాగింది. చివరికి కార్యదర్శి నీళ్ళు తాగి, "చాలా... ఆరోగ్యంగా ఉందండీ," అంది.

మాస్టారు తనూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. మొహంలో రంగు మారింది. "ఇంట్లో ఇలా రాదే!" అన్నారు అందరికీ వినబడేలా. పాపం, అంతకు మించిన నిజం ఆయన ఆ నెలలో పలకలేదు.

ట్రేలు మోయడానికి సాయంగా నేను వాళ్ళింటిదాకా వెళ్ళాను. తలుపు వేయగానే ఆయన అత్తగారి వైపు తిరిగారు.

"నిజం చెప్పండి అత్తయ్యా. నా వంటలో ఏం కలుపుతున్నారు?"

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఫోన్ రాగానే నువ్వు బాల్కనీలోకి పోతావు కదా. ఆ సందులో పెరుగు తీసేసి వెన్న, పాలు, మైదా వేసేదాన్ని. నీ నూడుల్స్‌లో నీళ్ళన్నీ పిండేసి నెయ్యిలో తిప్పేదాన్ని. కేకులోకి నువ్వు పక్కన పెట్టిన పచ్చసొనలన్నీ తిరిగొచ్చేవి. చక్కెర కూడా."

"ఎంత చక్కెర?"

"కేకుకి ఎంత కావాలో అంత."

"ఎందుకత్తయ్యా?" అన్నారు ఆయన.

"మూడు వారాలు నీ వంట తిన్నాను. ఇంట్లోవాళ్ళ కడుపు మాడకూడదు, నీ మనసు నొచ్చుకోకూడదు. ఆ రెంటికీ మధ్య నాకు వెన్న తప్ప ఇంకేమీ కనబడలేదు బాబూ."

మాస్టారు భార్యను చూశారు. "నీకూ తెలుసా?"

"తెలుసండీ. మీ పొట్ట చూసి నాకే భయమేసి, ఒకరోజు అమ్మని కలపొద్దన్నాను. ఆ రోజు మీరేం చేశారో గుర్తుందా? ఓవెన్ పాడైందని మెకానిక్‌ని పిలిచి మొత్తం విప్పించారు."

కూతురు అప్పటిదాకా చున్నీ నోట్లో కుక్కుకుని ఉంది. ఇక ఆగలేక పక్కగదిలోకి పరిగెత్తింది. అక్కడ్నుంచి ఆమె నవ్వు గోడకు తగిలి తగిలి వినిపించింది.

"అంటే ఇన్నాళ్ళూ అందరూ మెచ్చుకున్నది..." అంటూ మాస్టారు ఏప్రన్ ముడి విప్పుకున్నారు. కాలేయం సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తుకు రాలేదు. పొట్ట పెరిగినందుకు కాదు ఆయన బాధ, పేరు పోయినందుకు.

కొన్నాళ్ళు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. లిఫ్టు వదిలేసి మెట్లెక్కారు, లిఫ్టులో మనుషులుంటారు కాబట్టి. కారును రెండు వీధుల అవతల నిలిపి నడుచుకుంటూ వచ్చారు, బిల్డింగ్ ముందు మనుషులుంటారు కాబట్టి. డాక్టరమ్మ చెప్పినప్పుడు చేయని పని సిగ్గు చేయించింది. మొహం చాటేసి తిరగడంలో ఇంత వ్యాయామం ఉందని ఆవిడకు కూడా తెలిసి ఉండదు.

ఒక సాయంత్రం ఆయనే వంటింట్లోకి వచ్చి, "అత్తయ్యా, చిప్స్ చేస్తారా? మామూలువి," అన్నారట. ఆవిడ దుంపలు సన్నగా తరిగి, నీళ్ళలో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, కాగిన నూనెలో వేయించింది. టీకప్పు అంత గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తీసుకుని, కళ్ళు మూసుకుని, కరకరలాడించారు. గిన్నె ఖాళీ చేసి ముందుకు జరిపారు.

"అంతే," అంది ఆవిడ.

"అంతేనా?"

"అంతే. ఇవి గాలి కాదు, చిప్స్."

మిగిలినవి మనవరాలికి, ఎదురింట్లో నాకు వచ్చాయి. అదే పద్ధతి సాగింది. ఏదైనా అసలుదే, కాకపోతే చిన్న గిన్నెలో, ఒక్కసారే. గిన్నె అత్తగారి చేతిలో ఉంటుంది. చిప్స్ దాచిన డబ్బా ఎక్కడుంటుందో ఆవిడ తప్ప ఎవరికీ తెలియదు. తర్వాతి పరీక్షల్లో డాక్టరమ్మ కాగితం చూసి కాస్త మెరుగైందని చెప్పింది.

ఆ కాస్త మెరుగు చాలు మాస్టారికి. మళ్ళీ లిఫ్టు ఎక్కడం మొదలుపెట్టారు. "కొవ్వు తీసేయడం కాదండీ, పరిమాణం! ఇది నేను ఎన్నో ప్రయోగాలు చేసి కనిపెట్టింది," అని మూడో అంతస్తు ఆయనకు చెబుతుంటే విన్నాను. పాత ప్రయోగాల రుచి ఇంకా నాలుక మీదే ఉన్న ఆ పెద్దమనిషి రెండో అంతస్తులోనే దిగిపోయాడు.

పోయిన ఆదివారం కార్యదర్శి మళ్ళీ వంట కార్యక్రమం పెట్టింది. ఈసారి పిలిచింది అత్తగారిని. ఆవిడ చిప్స్ వేయించి, చిన్న గిన్నెల్లో సర్ది, పంచమని అల్లుడికి సైగ చేసింది. పంచే ముందు రెండు ముక్కలు చెబుతానన్నారు మాస్టారు. కాలేయంతో మొదలుపెట్టి, కేలరీ మీదుగా, తన పరిశోధనల దాకా వచ్చారు. మనుషులు గిన్నెల వైపే చూస్తూ విన్నారు. అత్తగారు స్టూలు మీద కూర్చుని పేపరు విప్పింది. ఆయన ముగించేసరికి చిప్స్ చల్లారిపోయాయి. అయినా ఒక్కటి కూడా మిగల్లేదు.