పడమటి సముద్రం మీద పొద్దుపొడుపు

ఆయన పరువు నలుగురిలో పోవాలని చాలాకాలం కోరుకున్నాను. పోయింది. నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

ఆయనకు హిందూపురంలో ఫోటో స్టూడియో ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసేదాన్ని నేను. ఒకసారి ధర్మవరం పట్టుచీరల వ్యాపారుల ఇంటి పెళ్ళి వచ్చింది. పెళ్ళికి ముందే జంటకు సముద్రం ఒడ్డున సూర్యోదయం ఫోటో కావాలన్నారు. మా హిందూపురం వాళ్ళకు ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు బెంగళూరు దారే గుర్తొస్తుంది. పైగా ఆయనకు కన్నడం బాగా వచ్చు. జంటను కారెక్కించి నేరుగా కర్ణాటక తీరానికి తీసుకుపోయాడు. అది పడమటి సముద్రం. అక్కడ పొద్దు నీళ్ళలో కుంకుతుంది, లేవదు. కెమెరా నీళ్ళవైపు పెట్టుకుని కాచుకున్న మనిషికి వీపు వెనక, కొబ్బరిచెట్ల మీదుగా తెల్లారింది.

తిరిగొచ్చాక తప్పు ఒప్పుకున్నాడా అంటే, అదీ లేదు. మెమరీ కార్డు నా ముందు పడేసి, "సూర్యుడు ఎనకపక్క లేచినాడు మ్మా. నువ్వు ముందరికి తెచ్చి పెట్టు, అంతే," అన్నాడు.

తెచ్చాను. పెనుకొండ కొండ మీద నేను తీసుకున్న సూర్యోదయాలు నా దగ్గరుండేవి. మబ్బుల రంగు నిలిచిన ఫోటో ఒకటి, సూర్యుడి గుండ్రం చెదరని ఫోటో ఒకటి కలిపి ఆ సముద్రం మీద అతికించాను. అసలు తిప్పలు ఆ తర్వాతే. సూర్యుడు జంట వెనక ఉంటే ముఖాల మీద అంత వెలుగు పడదు, దాన్ని తగ్గించాను. నీళ్ళవైపు సాగిన నీడలు చెరిపేసి మనవైపు తిప్పాను. తడి ఇసుక మీద, చీర జరీ అంచు మీద కొంచెం కొంచెంగా బంగారు రంగు అద్దాను. కళ్ళు మండిపోయాయి. అయిపోయాక చూస్తే నాకే నిజమనిపించింది.

ఆయన దాన్ని నిలువెత్తున వేయించి స్టూడియో ముందు పెట్టాడు. వచ్చినవాళ్ళకల్లా చలిలో ఎలా నిలబడ్డాడో, ఒక్క క్లిక్కులో ఎలా పట్టాడో చెప్పేవాడు. మూలన చిన్నగా నా పేరు కూడా వేయమని అడిగాను.

"పేరెందుకు మ్మా? తీసింది నేను. నువ్వు కూర్చోని రుద్దినావు, అంతే."

కస్టమర్లు నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నెలలోనే మానేసి ధర్మవరంలో గది అద్దెకు తీసుకుని సొంతంగా ఆల్బమ్‌ల పని మొదలుపెట్టాను. ఊరంతా తిరిగి నిజం చెప్పొచ్చు, కానీ ఓర్వలేక అంటోందనేవాళ్ళు. అందుకని నోరు మూసుకుని కాచుకున్నాను.

ధర్మవరంలో ఫోటోగ్రాఫర్లందరూ కలిసిన రోజున ఆ ఫోటోనే వేదిక పక్కన నిలబెట్టి, దానికే ఆయనకు శాలువా కప్పారు. చలి కథ, ఒక్క క్లిక్కు కథ మైకులో మళ్ళీ మొదలైంది. నేను లేచి చాలా మర్యాదగా అడిగాను.

"అన్నా, ఇది యాడి సముద్రం?"

ఎప్పుడూ చెప్పినట్టే గర్వంగా ఆ తీరం పేరు చెప్పేశాడు. ముందు వరుసలో మడకశిర నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు తల తిప్పి చూశారు. "ఆడ పొద్దు మునుగుతుంది కదప్పా, లేసేది యాడుండాది?" అన్నారు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. ఆయన శాలువా సర్దుకుంటూ ఒకసారి ఫోటోవైపు, ఒకసారి జనంవైపు చూశాడు. ఆ ముఖాన్ని నేను కళ్ళారా, తీరిగ్గా చూశాను.

తప్పించుకోవడానికి నావైపు చెయ్యి చూపించాడు. "నాకేం తెలీదప్పా. సూర్యుడు, నీడలు, నీళ్ళమీద ఎలుగు, అంతా ఆ యమ్మే చేసింది."

మైకులోనే అన్నాడు. అందరూ విన్నారు.

"ఔనన్నా, అంతా నేనే చేసినా," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఫోటో దగ్గరికెళ్ళి మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. కదిరి నుంచి వచ్చిన ఒకతను తన ఆల్బమ్‌లు కూడా చేసిపెడతావా అని నన్ను అడిగాడు. చేస్తానన్నాను. శాలువాతో ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు కాబట్టి, కావాలనే కొంచెం గట్టిగా అన్నాను.