గొంతుకు అడ్డం పడ్డది

ఈస్టరుకు ముందు మేం ఉపవాసాలుండే శ్రమదినాల్లో పొద్దుగుంకే వేళ మా అల్లూరు వీధిలో అడుగుపెడితే ఇంటింటా చేపల పులుసు వాసనే. పగలంతా ఉపవాసం కదా, అందరి కడుపులూ నకనకలాడుతుంటాయి. మామిడికాయ ముక్క ఉడికే ఆ పుల్లటి వాసన తగిలితే చాలు, నాకు సుగుణమ్మ మేడం గుర్తొస్తారు. నేను టీచరుగా చేరిన బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

ఆ ఏడు ఉపవాసాల్లో నా గొంతులో ఏదో ముద్ద అడ్డం పడ్డట్టుండేది. మింగలేను, కక్కలేను. పైగా ఒకటే వికారం. నెల తప్పిందేమోనని మా అత్తకు సంబరం. ముల్లు ఇరుక్కుందని మా ఆడపడుచు ఉత్త అన్నం ముద్దలు మింగించింది. నాకు మాత్రం మా నాన్నే కళ్లలో మెదిలేవాడు. ఆయనకూ ఇలాగే మొదలై గొంతు క్యాన్సరని తేలింది. నాకూ అదేనని తీర్మానించుకుని, ఎవరికీ చెప్పకుండా ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. చచ్చేంత భయం!

ఒకరోజు స్టాఫ్ రూంలో టీ తాగుతూ గొంతు పట్టుకున్నాను. మేడం చూడనే చూశారు.

"ఏందమ్మాయ్, గొంతట్టా పట్టుకున్నావు?"

"ఏం లేదు మేడం."

"ఏం లేకుంటే ఆ కళ్లనీళ్లేంది? నిజం చెప్పు."

చెప్పేసి భోరుమన్నాను.

"దేవుడు డాక్టర్లను ఊరికే పుట్టించినాడా? రేపు నెల్లూరు పోదాం. నేనూ వస్తా," అన్నారు.

ఆస్పత్రిలో డాక్టరు సన్నటి గొట్టంతో గొంతు చూసి, నా తిండి సంగతి అడిగారు. పగలంతా ఖాళీ కడుపున టీలు, చీకటి పడగానే పీకలదాకా పులుసన్నం, వెంటనే పడక. "కడుపులో ఆమ్లం పైకి తన్నుకొస్తోందమ్మా, వికారం దానివల్లే. భయంతో గొంతు ఇంకా బిగుసుకుంటోంది. గడ్డా గిడ్డా ఏమీ లేదు," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను కుర్చీలోంచి లేచానో లేదో, మేడం అందులో కూర్చున్నారు.

"నాక్కూడా చూడండి డాక్టరు గారూ. కొన్నాళ్లుగా ముద్ద సరిగా దిగడంలా. ఒక్కదాన్నే రావాలంటే ధైర్యం చాల్లేదు."

డాక్టరు ఆవిడ గొంతూ చూశారు. ఆవిడది ఆమ్లం కాదు. లోపల గడ్డ కనబడితే, దాంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు. "ఎందుకు ఏడుస్తావు? భయం పోయినాక పోదామనుకుంటే ఎప్పటికీ పోలేం అమ్మాయ్. భయపడతానే పోవాల," అన్నారు.

క్యాన్సరే. కానీ తొలిదశలో దొరికింది. వైద్యంతో ఆవిడ గొంతు బొంగురుపోయింది, అయినా ఆ బొంగురు గొంతుతోనే రిటైరయ్యేదాకా బడి నడిపారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు.

ఇప్పుడు ఎవరైనా ముద్ద దిగడం లేదంటే నేను ముల్లనీ అనను, గ్యాసనీ అనను. నెల్లూరు బస్సెక్కిస్తాను. భయమేస్తోందంటారు. నాకూ వేస్తోందని చెప్పి, పక్క సీట్లో కూర్చుంటాను.