రహీమా ఆపా ఎంచిన ఫ్రిజ్

కొత్త ఫ్రిజ్ తలుపు తీయగానే వచ్చే రబ్బరు వాసన నాకు ఇష్టం. మొన్న ఖమ్మంలో ఒక షాపులో పనేమీ లేకపోయినా ఒకటి తెరిచి నిలబడ్డాను. ఆ వాసనతో పాటే రహీమా ఆపా గొంతు వినిపించినట్లయింది: "తలుపు మూయ్ సుజాతా, కరెంటు వాళ్లది!" నాలో నేనే నవ్వుకున్నాను.

నాకు మొదట ఉద్యోగమిచ్చింది ఆపానే. ఖమ్మంలో వాళ్లది తరాలనాటి బట్టల వ్యాపారం. అన్నదమ్ములు దుకాణాలు చూసుకుంటుంటే, ఆమె ఒక పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, మంచాలు, పొయ్యి, సింకు పెట్టించి క్యారవాన్ చేసింది. పైకప్పు మీద సోలార్ పలకలు. కుటుంబాలకు కిరాయికిచ్చేది, స్టీరింగ్ మాత్రం తనే పట్టేది. యాభై దాటిన మనిషి బుర్ఖా మీద నల్లకళ్లద్దాలు పెట్టుకుని బస్సు దిగుతుంటే పెట్రోలు బంకుల్లో జనం పని ఆపి చూసేవాళ్లు. బుకింగులు, దారిలో వంట నా పని.

ఒక వానాకాలం మణుగూరు నుంచి కొమురయ్య, రాజమ్మ దంపతులు క్యారవాన్ మాట్లాడుకున్నారు. ఆయన బొగ్గుగనిలో పనిచేసి అప్పుడే రిటైరయ్యాడు. భద్రాచలం, ఆ పైన అడవి దారులు తాపీగా చూడాలని కోరిక. షుగర్ ఉంది, పూటపూటా ఇన్సులిన్ కావాలి. "ఈ రోగంతో అడవులెందుకు" అని చుట్టాలంతా వారిస్తున్నా వినకుండా బయల్దేరుతున్నారు. సరిగ్గా అప్పుడే బండిలోని ఫ్రిజ్ చచ్చిపోయింది. బాగుచేసే మనిషి చూసి పెదవి విరిచాడు.

"వాళ్లను ఇంకోసారి రమ్మందాం ఆపా," అన్నాను.

"ఇప్పుడాగితే ఆయన మళ్ల గడప దాటడు బిడ్డా. నడువ్, కొత్తది తెద్దాం."

షాపులో నా కన్ను ఎర్రటి రెండు తలుపుల ఫ్రిజ్ మీద పడింది. ఐస్‌క్రీములు పెట్టవచ్చు, ఫొటోల్లో అందంగా ఉంటుంది. నేను మురిసిపోతూ దాని గుణగణాలు చెబుతుంటే ఆపా శ్రద్ధగా విన్నది. చివరికి షాపతన్ని అడిగింది: "బండి గుంతల పడ్తే దీని తలుపు ఊకుంటదా? కరెంటు లేని కాడ ఎంతసేపు నడుస్తది?" ఇంటి ఫ్రిజ్ కాబట్టి ఇన్వర్టర్ మీదే నడవాలి, తెల్లారేసరికి బ్యాటరీ తాగేస్తుందని అతను ఒప్పుకున్నాడు. మూల నుంచి ఇంకొకటి లాగి చూపించాడు. బండి బ్యాటరీ మీద నేరుగా నడిచే పెట్టె, మూత పైకి తెరుచుకుంటుంది. బూడిద రంగు. ట్రంకు పెట్టెలా ఉంది.

"దీన్ని చూస్తే నవ్వుతారు ఆపా!"

"నవ్వుతరో లేదో మనకేమెరుక? రాజమ్మక్కకు ఫోన్ కొట్టు. ఏమేం పెట్టుకుంటదో అడుగు."

అడిగాను. "ఆయన మందులు, తోడేసిన పెరుగు గిన్నె. గంతే బిడ్డా," అన్నది రాజమ్మ. మళ్లీ తనే, "గోదారి చాపలు దొరికితే పెట్టొచ్చా?" అని గుసగుసగా అడిగింది. స్పీకర్‌లో విన్న ఆపా షాపంతా అదిరేలా నవ్వింది. పక్క దుకాణం నుంచి స్టీలు గిన్నె తెచ్చి, పెట్టెలో పట్టిందని చూసుకున్నాకే కొన్నది.

అంతటితో వదల్లేదు. గ్లాసుడు నీళ్లు అందులో పెట్టి మర్నాడు చూస్తే అంచున మంచు కట్టింది. ఇన్సులిన్ గడ్డకడితే పారేయాల్సిందే. ఆపా చల్లదనం తగ్గించి మళ్లీ నీళ్లు పెట్టింది. నీళ్లు చల్లగా, నీళ్లలాగే ఉన్నాయని చూశాకే బండి తీసింది.

భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్తుంటే వాన అందుకుంది. ముందు వాగు పొంగింది. వెనక్కి తిప్పితే దాటొచ్చిన వాగూ పొంగింది. మధ్యలో ఉన్న చిన్న ఊరి బడి దగ్గర బండి ఆపుకున్నాం. ఊళ్లో కరెంటు పోయింది, మర్నాటికీ రాలేదు. రాజమ్మ గంటగంటకూ మూతెత్తబోతుంటే ఆపా చేయి పట్టుకుని ఆపేది. "అక్కా, నువ్వు తెరిస్తెనే చల్లదనం పోతది!" లోపల మందు చల్లగానే ఉంది. పెరుగు బాగా తోడుకుంది. మాలాగే చిక్కుకుపోయిన జీపు వాళ్లను పిలిచి, రాజమ్మ అందరికీ పెరుగన్నం కలిపి పెట్టింది. పెట్టెను చూసి ఎవరూ నవ్వలేదు. రెండోసారి వడ్డించమని మాత్రం అడిగారు.

తెల్లవారుజామున వాన తెరిపిచ్చాక కొమురయ్య బండి మెట్టు మీద కూర్చుని, తడిసిన టేకు చెట్ల మీద పడుతున్న ఎండను చూస్తూ ఉండిపోయాడు. కదలరేమని అడిగితే అన్నాడు: "పొద్దుపొడుపు నుంచి గిట్ల కూసొని ఎండ సూసుడు ఎన్నడు లేదమ్మా. ఆ యాళకు గనిల కిందనే ఉండేటోన్ని." ఆపా బండి లోపలికెళ్లి చాలాసేపు గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది.

ఇప్పుడు ఆపా నేలకొండపల్లిలో చెల్లెలి ఇంట్లో హాయిగా ఉంది. బండి నాకప్పగించింది. ఎవరు ఫోన్ చేసినా నేను ముందు సౌకర్యాలు చెప్పను. ఎవరొస్తున్నారు, ఏం తింటారు, దేనికి భయపడుతున్నారు అని అడుగుతాను. దమ్మపేట నుంచి ఒకామె "ఏం లేదు, ఏం లేదు" అంటూనే, తన తల్లికి ఎత్తు మెట్టంటే భయమని చివర్లో చెప్పింది. ఆ సాయంత్రమే వెల్డింగ్ షాపుకెళ్లి కింద ఇంకో మెట్టు వేయించాను. ఆ ముసలమ్మ దాని మీద కాలు మోపి, ఒకసారి దిగి, మళ్లీ ఎక్కింది.

"ఇది ఎప్పటినుంచో ఉన్నదా?" అని అడిగింది.

"లేదమ్మా. మీరు వస్తున్నారని పెట్టిన."