అడ్జస్ట్ అవ్వండి

పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి బతికేవాణ్ణి నేను. అడ్జస్ట్ అంటే సరిచేయడం అని బోర్డు మీద రాస్తాను. అది బోర్డు వరకే. రాజాం బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లోకి మూడోవాడు నడుము దూరుస్తూ అనే మాట అది. జాకెట్టు బిగుతైందంటే టైలరు అనేదీ, కాపురం బాగాలేదని ఏడ్చే పిల్లకు పెద్దలు చెప్పేదీ అదే. పదో తరగతితో మా అప్ప, అంటే మా అక్క, చదువు మాన్పించి, నన్ను కాలేజీలో చేర్చినప్పుడు నాన్న కూడా ఆమెతో ఆ మాటే అన్నాడు. అప్ప అడ్జస్ట్ అయింది. నేను మాస్టార్నయ్యాను.

ఇప్పుడు అప్ప కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాను. ఒక సోమవారం వెళ్లేసరికి నాలుగు మిషన్లలో ఒకటి చెడిపోయి ఉంది. వచ్చిన రోగులు నలుగురు. ఎవరిని ఆపాలో టెక్నీషియన్ చెప్పడు. చెబితే గొడవలవుతాయి. "ఒకరు రేపు రండి. మీలో మీరు అడ్జస్ట్ అవ్వండి" అని తలుపు దగ్గర నిలబడతాడు. అక్కడి పద్ధతి అది.

ఒకరి మొహం ఒకరు చూసుకోలేక అందరం గోడవైపు చూశాం. నాకు ఒళ్లు మండిపోయింది. మా అప్ప ఆగదు అందామని నోరు తెరిచాను. ఈలోగా అప్పే లేచి, పెళ్లి కూడా కాని ఒక అమ్మాయిని చూపించింది.

"ఆ గుంట సిన్నదిరా. నాను రేపొస్తాన్లే."

ఆ అమ్మాయి తల్లి నాకు దండం పెడితే మొహం తిప్పుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

తెల్లారేసరికి అప్ప కాళ్లు ఉబ్బిపోయాయి. నాలుగడుగులకే ఆయాసం. ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. మిషన్ ఇంకా బాగవలేదు. ఆ రోజు వంతువాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. టెక్నీషియన్ తలుపు దగ్గరికి వచ్చాడు. ఆయన నోరు విప్పకముందే అప్ప రెక్క పట్టుకుని, "ఇవాళ ఆగడం మాకు కుదరదండీ!" అని అరిచాను. ఎదురుగా ఉన్న ముసలాయన తల దించుకున్నాడు.

అప్పకు కోపం వచ్చింది. ఊపిరి కూడదీసుకుని అడిగింది.

"అలగంటావేటిరా? మరాళ్లెక్కడికెల్తారు?"

నువ్వెక్కడికి వెళ్తావని అప్పని నేను అడగలేకపోయాను.