బంగారయ్య తేర్చిన నీళ్లు

మా మేనమామను తోటలో అందరూ సీసాల బంగారయ్య అనేవారు. ఆ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పట్లో, అంటే 1927లో, సముద్రం అవతల బటాంగ్ బెర్జుంటై దగ్గర ఒక రబ్బరు తోటలో మామా నేనూ పాలు గీసేవాళ్లం. తోటకు ఎగువన తగరపు గని ఒకటి వెలిసింది. వాళ్లు మట్టి కడిగి తగరం ఏరుకుని, మిగిలిన బురదంతా మా ఏట్లోకి వదిలేవారు. గని గుంటలో ఊరే నీళ్లను రాత్రింబవళ్లు మరపెట్టి తోడేసేవారు. ఏడాది తిరక్కుండా మా కూలీల ఇళ్ల వరుసల, అదే లైన్ల, బావి అడుగంటుతూ వచ్చింది. ఇక ఏరే దిక్కయింది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి.

తోట దొర సర్కారుకు రాశాడు. మా మీద ప్రేమ పొంగి కాదు, కూలీలు మంచాన పడితే పాలు గీసేదెవరని. సర్కారు వాళ్లు పెట్టెనిండా గాజు సీసాలు పంపారు. ఆర్నెల్లపాటు వారానికొక సీసా ఏటి నీళ్లు పట్టి, లక్కతో మూసి దాచాలి. బావిలో నీళ్లెంత దిగాయో రోజూ కొలవాలి. సీసాల్లో బురద కనిపిస్తే గనివాళ్లు ఇక ఆ బురదను గుంటల్లో నిలవబెట్టి, పైనీళ్లే వదలాలి. మా పిల్లల ప్రాణాలు ఆ సీసాల్లో ఉన్నాయని మాకు తర్వాతే తెలిసింది.

ప్రతి సీసా తన కళ్లముందే నింపినట్టు సంతకం పెట్టాల్సినవాడు ఆఫీసులో లెక్కలు రాసే కిరాణీ. ఆ మహానుభావుడికి జలగలంటే భయం. ఏటి గట్టుకు ఒక్కనాడైనా రాలేదు. మామను పిలిచి, "దొరలు చూస్తారు, జాగ్రత్తగా పట్టి తీసుకురా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. కూలివాడికి ఎందుకో చెప్పే అలవాటు ఎవరికుంది?

బావి కొలతలో మామ తప్పలేదు. తాడుకు మూరకొక ముడి వేసి దించి, నీరు తగిలిన ముడి చూసి వచ్చి చెప్పేవాడు. తొమ్మిది, పదకొండు, పద్నాలుగు.

సీసాల దగ్గరే ఆయన పెద్దరికం అడ్డొచ్చింది. గుమ్మంలోకి వచ్చినవాడికి తిండి పెట్టలేకపోయినా తేటనీళ్లు ఇవ్వాలన్నది మావాళ్ల మర్యాద. విశాఖలో ఓడెక్కిన నాడే మా అత్త దాలమ్మ చిల్లగింజలు కొంగున కట్టుకొచ్చింది. ఆ గింజను కుండ లోపల అరగదీసి నీళ్లు పోస్తే బురద అడుక్కి దిగిపోతుంది. దొరలు చూసే సీసాలో మురికి పోయడానికి మామకు చేతులు రాలేదు. ప్రతివారం ఏటి నీళ్లు తేర్చి, గుడ్డతో వడగట్టి మరీ పోశాడు.

"ఒలే, సూడు, అద్దంలాగున్నాయి," అని అత్తకు చూపించేవాడు.

"దొరలకైతే రెండుసార్లు వడగడతావు. మన దేవుడమ్మకి ఎప్పుడైనా ఇంత తేటగా పోసినావా?" అని అత్త దెప్పేది. దేవుడమ్మ వాళ్ల ఒక్కగానొక్క కూతురు.

ఆర్నెల్లకు సర్కారు ఇంజినీరు వచ్చాడు. ఆఫీసు వరండాలో సీసాలు వరుసగా పెట్టారు. ఒక్కొక్కటే ఎండకెత్తి చూసి తల పంకించాడు. బావి దిగడం వానలు లేకేనన్నాడు. గని మేనేజరు చుట్ట వెలిగించుకున్నాడు. మా భాష కాస్త వచ్చిన కిరాణీ మావైపు తిరిగి, "నీళ్లు శుభ్రంగా ఉన్నాయట. గనివాళ్లు బురద ఆపక్కర్లేదట" అన్నాడు.

మామకు అప్పుడు తెలిసింది, ఆ సీసాలు ఎందుకో. జనాన్ని తోసుకుని ముందుకెళ్లాడు.

"బాబూ, నానే తేర్సినాను! సిల్లగింజ రాసి తేర్సినాను. ఏట్లో నీల్లు అయి కావు బాబూ. ఒక్కపాలి రండి, సూపిత్తాను!"

కిరాణీ మొహం పాలిపోయింది. సీసా సీసాకూ తన సంతకం ఉంది. అటు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇంజినీరు నవ్వి, మామ భుజం తట్టి, కారెక్కాడు.

ఆ కిరాణీ చెప్పిందేమిటో పక్కనే నిలబడ్డ, ఇంగ్లీషు అర్థమయ్యే బంట్రోతు తర్వాత మాకు చెప్పాడు. "ఈ కూలీ తానూ ఇవే నీళ్లు తాగుతాడట, చాలా బాగుంటాయట."

ఆ ఏడాది లైన్లలో తొమ్మిదిమంది పిల్లలు పోయారు. నాలుగోది దేవుడమ్మ.

కిరాణీని తలుచుకుంటే నేను పళ్లు నూరేవాణ్ని. మామ మాత్రం వాణ్ని ఒక్క మాట అనలేదు. ఆయన కోపమంతా తన చేతుల మీదే. అత్త దాచుకున్న చిల్లగింజలన్నీ ఏట్లో పారేశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. అన్నాళ్లూ ఏటి నీళ్లు ముంచినవి ముంచినట్టే తాగాడు. ఎవరు చెప్పినా వినలేదు.

చివరి రోజున లోటాతో నీళ్లు తీసుకెళ్లాను. లోటాలోకి చూసి మొహం తిప్పుకున్నాడు.

"తేర్సినావేట్రా?"

"అవును మామా."

"పారబొయ్యి. దేవుడమ్మ తాగినయి తే."

ఏటికెళ్లి ముంచుకొచ్చి, ఆ బురదనీళ్లు నా చేత్తోనే ఆయన నోట్లో పోశాను.