పదకొండు వద్దులు

గోడలకు చెవులుంటాయన్న మాటే నిజమైతే, మూడేళ్ళ కిందట ఒక ఆదివారం మా చర్చి గోడలు సిగ్గుతో కూలిపోవలసింది. కూలలేదు, దేవునికి స్తోత్రం. ఆ రోజు మైకులో మోగిన మాటలకు కారకురాలిని నేనే. పక్కన పిల్లలుంటే ముందు ఆడుకోవడానికి పంపేయండి, చెబుతాను.

నేను బడికి వెళ్ళలేదు. చదువంతా ఇంట్లోనే, అమ్మ దగ్గర. నోటికి రానిది చదువే కాదని అమ్మ నమ్మకం. ఎక్కాలు, బైబిలు వాక్యాలు, చివరికి అత్తారింట్లో చేయకూడని పనులు కూడా అప్పజెప్పించుకునేది. మా ఇంట్లో అన్నిటికన్నా ఘోరమైన తిట్టు "దరిద్రం". అదీ పాలు విరిగితేనే.

అలాంటి నాకు గుండ్లపోచంపల్లిలోని మా చిన్న చర్చిలో సండే స్కూలు అప్పగించారు. ఆరేళ్ళు ప్రార్థిస్తే దొరికిన భాగ్యం. మొదటి వారమే, లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చే సన్నీ, రంగు పెన్సిలు లాక్కున్న పిల్లను ఒక మాట అన్నాడు. నాకు అర్థం కాలేదు గానీ తక్కిన పిల్లల కళ్ళు పూరీల్లా పొంగాయి.

"అట్లాంటి మాటలు అనొద్దు నాన్నా!"

"గట్లాంటియి అంటే ఏవి టీచర్?"

న్యాయమైన ప్రశ్నే. ఏవి అనకూడదో నాకే తెలియకపోతే వాళ్ళ చేత ఎలా మాన్పిస్తాను? "మీరు విన్నవన్నీ చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. వాక్యం అడిగితే ఏనాడూ లేవని చేతులు అన్నీ ఒక్కసారిగా లేచాయి. సన్నీ ఐదు ఇచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్ళ అమ్మాయి కీర్తన, "మా ఊళ్ళో దీనికి ఇంకోటుందండీ" అంటూ నాలుగు కలిపింది. రెండు హిందీవి. మొత్తం పదకొండు. రెండు రాష్ట్రాలూ నీళ్ళనైనా ఇంత ఉదారంగా పంచుకోలేదు.

ఇక అమ్మ పద్ధతే. ముందు మాట, తర్వాత అది ఎవరి నోట విన్నారో ఆ పేరు, చివర చప్పట్లు కొట్టి "వద్దు!" పాపం ఎక్కడుందో తెలిస్తే అటు పోరని నా ఆలోచన. పెద్దలు లోపల పాటలు పాడుతుంటే మేం వెనక రేకుల షెడ్డులో ఇది వల్లించాం. నాలుగు వారాల్లో నోటికొచ్చేసింది.

అంతలో చుట్టుపక్కల పాస్టర్లందరికీ పైవారైన పెద్దయ్యగారు తనిఖీకి వస్తున్నారన్నారు. మా పాస్టరయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"సిస్టర్, పిల్లలు బాగా అప్పజెప్తే క్లాసు మీదే. లేకపోతే ట్రైనింగ్ అయిన అమ్మాయిని పంపుతారట."

"నిద్రలో లేపినా చెప్తారు అయ్యగారూ!"

తనిఖీ ఆదివారం పిల్లలు అందరి ముందు మైకులో వాక్యం మొదలుపెట్టి రెండో ముక్క దగ్గర ఆగిపోయారు. పెద్దయ్యగారు పెన్ను మూత తీశారు. నా ఆరేళ్ళ ప్రార్థన ఆ పెన్ను మొన మీద వేలాడింది.

"పోనీ, మీకు బాగా వచ్చింది చెప్పండమ్మా" అన్నారాయన దయగా.

పిల్లలు నా వైపు చూశారు. "పదకొండు వద్దులు చెప్పండి!" అన్నాను, గర్వంగా. ఎప్పుడూ గరగరలాడే మైకు ఆ రోజు గంటలా మోగింది.

సన్నీ మొదటి మాట అని, "మా నాయిన హైవే మీద లారోళ్ళను అంటడు. మేం అనం. వద్దు!" అన్నాడు. చప్పట్లు.

కీర్తన రెండోది అని, "మా డాడీ వాళ్ళ మేనేజర్ గారి ఫోను పెట్టేశాక అంటారండీ. మేము అనము. వద్దు!" అంది. చప్పట్లు.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. మా ఇళ్ళ గుట్టు నేరుగా మైకే ఎక్కింది. పాస్టరయ్యగారు మైకు ఆపడానికి పరుగెత్తుతున్నారు. అంతలో ఆరోది వచ్చింది: "అయ్యగారు క్రికెట్ల ఔటైతే అంటడు." ఆయన ఉన్నచోటే ఆగిపోయారు.

ముందు చాప మీద కూర్చున్న మరియమ్మవ్వ, "ఏడోది గట్ల గాదు బిడ్డా, జర ఒత్తి అనాలె" అని స్వయంగా అని చూపించింది.

సన్నీ వాళ్ళ నాయిన లేచాడు. "గిదేం సండే స్కూల్? మస్తు మంచిగున్న పోరన్ని ఖరాబ్ జేసింది గీ అక్క!" అని, పళ్ళ మధ్య ఇంకేదో నమిలాడు.

సన్నీ మైకులోనే అన్నాడు: "గది మూడోది నాయినా!"

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. "వద్దు!"

పెద్దయ్యగారు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు, చాలాసేపు. తర్వాత, "ఈ నెలలో మీ పిల్లలు ఈ మాటలతో ఎవరినైనా తిట్టారా?" అని తల్లిదండ్రుల్ని అడిగారు. తల్లులు లేదని తలలూపారు, తండ్రులు తలలు దించుకున్నారు.

"సిస్టర్, పిల్లల క్లాసు ట్రైనింగ్ అమ్మాయికే ఇస్తున్నాం" అన్నారు.

నేను పిల్లల హాజరు పట్టీ తీసి ఆయనకు ఇవ్వబోయాను.

"మీరు వచ్చే వారం నుంచి తండ్రుల క్లాసు తీసుకోండి."

మీ అందరి సాక్షిగా, చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను: అనకూడని మాటలను ఇక జన్మలో ఎవరి చేతా కంఠస్థం చేయించను. తండ్రుల క్లాసులో ఆ అవసరం కూడా రాలేదు. వాళ్ళకు అన్నీ ముందే నోటికొచ్చు.